ఏకాదశి సారు చెప్పిన రుజువు

చింతాద్రిపేటలో మా వీధి భజన మందిరంలో ప్రతి ఏకాదశికీ ఒక రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్ ప్రసంగించేవారు. వాదం ముగించి, కళ్ళజోడు ఉత్తరీయంతో తుడుచుకుంటూ, "సరిపోయిందా?" అనేవారు. మా ఆయన చనిపోయిన నెలలోనే నేను వెళ్ళడం మొదలుపెట్టాను. తిథి వేసి ప్రతి మాటా రాసుకున్నాను.

మూడేళ్ళకు ఆ నోటుబుక్కు తిరగేస్తుంటే ఒక లొసుగు దొరికింది. కార్తీక శుద్ధ ఏకాదశినాడు, దేవుడు న్యాయవంతుడు గనక ఆత్మను చావనివ్వడన్నారు. అదే నెల బహుళ ఏకాదశినాడు, ఆత్మ చావదు గనక దాని కర్మఫలం ఇచ్చే దేవుడు ఉండి తీరాలన్నారు. ఒకదాన్ని మరొకటి మోస్తోంది, రెంటికీ కింద నేల లేదు.

తీసుకెళ్ళి చూపించాను. ఆయన నవ్వారు.

"ఇంతమందిలో మీరొకరే పట్టినారమ్మా!"

"అంటే మీకు ముందే తెలుసునా సార్?"

"తెలీకేమి? ఈడికొచ్చేవాళ్ళంతా ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళే. ఏడ్చేవాళ్ళకి తర్కం ఎందుకమ్మా, ఓదార్పు చాలు గదా!"

నేను ఓదార్పుకు వెళ్ళలేదు. రుజువు ఉందన్నారని వెళ్ళాను.

ఈ మూడేళ్ళూ పొద్దున్నే మా ఆయన పటం ముందు కాఫీ పెట్టి, "ఆడనే ఉండండి, నేనూ వస్తా" అని చెప్పేదాన్ని. మర్నాడు కాఫీ పెట్టాను. ఆ మాట మాత్రం నోటికి రాలేదు.