చప్పట్ల డ్యూటీ

సముద్రం అడుగునుంచి ఇంటర్నెట్ కేబుల్ ఇంకా మా దీవులదాకా రాని ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువగా ఉండేదని మా ఈడువాళ్ళు ఈమధ్య చెప్పుకుంటున్నారు. నాకు నమ్మకం లేదు. అది ఓపిక కాదు, వేరే దారి లేకపోవడం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క పాట డౌన్‌లోడ్ చేసుకోవాలంటే పొద్దున్నే మొదలుపెట్టి, వంట చేసి, తిని, బట్టలు ఉతికి ఆరేసి వచ్చి చూస్తే సగంలో ఆగిపోయి ఉండేది. అందుకని ఉన్న పాటనే వినేవాళ్ళం, దొరికిన ఉద్యోగమే చేసేవాళ్ళం. నాకు దొరికిన ఉద్యోగం డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. నా నెత్తిన పడిన పాట జపాన్‌ది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నాన్న ప్రభుత్వ ఫెర్రీ బోటు నడిపే సరంగు. నేను పుట్టిందీ పెరిగిందీ డెలానీపూర్‌లో, ఆయనకిచ్చిన సర్కారు క్వార్టర్లోనే. ఆయన రిటైర్ కావడానికి ఏడాది కూడా లేదు. రిటైరైతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఈలోగా ఇంట్లో ఎవరికైనా సర్కారు ఉద్యోగం వస్తే ఆ క్వార్టరే వాళ్ళ పేరుకి మార్పించుకోవచ్చని తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కూడా చెబుతుండేవారు. ఇంట్లో ఎవరైనా అంటే నేనొక్కదాన్నే. క్లర్కు పరీక్ష అప్పటికి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. మూడోసారికి చదువుకుంటూ, ఉత్తినే కూర్చోవడం ఎందుకని ఈ పనిలో చేరాను. అమ్మ మాత్రం అడగనివాళ్ళకి కూడా "టెంపరరీయే అక్కా, రెండు నెల్లే" అని చెప్పుకునేది. (ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.)

మా డాక్టర్ దీదీ ఇక్కడి తెలుగు టీచరుగారి అమ్మాయి. మెయిన్‌లాండ్‌లో చదువుకొచ్చి, కొత్తగా క్లినిక్ తెరిచింది. రెండు గదుల మధ్య ప్లైవుడ్ గోడ. లోపల డ్రిల్లు తిరిగితే బయట కూర్చున్నవాళ్ళ ముఖాల్లో నెత్తురు ఉండేది కాదు. ఒకాయనైతే "మళ్ళీ వస్తాను" అని వెళ్ళి, ఆ వీధిలోకి రావడమే మానేశాడు. ఆ చప్పుడు వినబడకుండా సంగీతం పెట్టాలని దీదీ నిర్ణయించింది. కాలేజీలో స్నేహితురాలెవరో ఇచ్చిన సీడీ ఒకటి తెచ్చింది. అట్టమీద నీలం పొగలో, గుట్టలుగా పేర్చిన కీబోర్డుల వెనక, జుట్టు భుజాలదాకా పెంచుకున్న మనిషి. పేరంతా జపాన్ అక్షరాల్లో. అంచేత ఆయనెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. "మనసు శాంతంగా ఉంటాది, వింటూండు" అంది దీదీ. సినిమా పాటలు పెడదామంటే ఒప్పుకోలేదు. "బీట్ వస్తే నా చెయ్యి ఊగీస్తాది. అప్పుడు పేషెంట్ నోట్లో డ్రిల్ ఉంటాది. జరా సోచో," అంది. ఆలోచించాను. మళ్ళీ సినిమా పాటల మాట ఎత్తలేదు.

మొదటి పాట అలల చప్పుడుతో మొదలయ్యేది. ఎటు పది అడుగులు వేసినా సముద్రం కనబడే ఊళ్ళో కూర్చుని, మిషన్‌తో చేసిన అలలు విన్నాం. తరవాత వేణువు కాని వేణువు, గంట కాని గంట, ఎక్కడో కొండలవతల డప్పు. నిజం చెప్పాలంటే బాగానే ఉండేది. నాకు కూడా మొదటి రోజు కళ్ళు మూతలు పడ్డాయి. అయితే అది స్టూడియోలో చేసింది కాదు, జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసింది. ఈ సంగతి నాకూ దీదీకీ ఒకేసారి తెలిసింది. లోపల ఒక బ్యాంకు ఉద్యోగి జ్ఞానదంతం ఊడి ట్రేలో టంగుమని పడింది. సరిగ్గా అప్పుడే వెయ్యిమంది చప్పట్లు కొట్టారు. ఆయన కుర్చీలోంచి లేచి, నోరు పట్టుకుని, ప్లైవుడ్ గోడ వెనక తొంగి చూసి, "కౌన్ దేఖ్ రహా థా?" అని అడిగాడు. ఎవరూ చూడలేదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆ మర్నాటినుంచి నాకు కొత్త పని పడింది. చప్పట్లు వచ్చే ముందు ప్లేయర్ మీట తిప్పి శబ్దం తగ్గించాలి, అవి అయిపోగానే పెంచాలి. పేషెంట్ల పేర్లు రాసుకోవడం, ఫోనెత్తడం, చప్పట్ల డ్యూటీ. గోడ గడియారం చూసి ప్రతి పాటా ఎన్ని నిమిషాలో నా జనరల్ నాలెడ్జ్ పుస్తకం వెనక అట్టమీద రాసుకున్నాను. మొత్తం ఏడు పాటలు, ఏడు చప్పట్లు. మూడోదాంట్లో మధ్యలో ఎవరో దగ్గేవారు. అయిదోది అయ్యాక ఆ వాయించేవాడు నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. ఏడోదాని చప్పట్లు ఎంతకీ ఆగేవి కావు. ఈలలు, కేకలు, మళ్ళీ చప్పట్లు. రోజుకి ఎనిమిదిసార్లు ఈ సీడీ తిరిగేది. నెల తిరిగేసరికి ఆ దగ్గే మనిషికి మందు పంపించాలన్నంత దగ్గరితనం వచ్చేసింది నాకు. నిద్రలో కూడా చెయ్యి మీట తిప్పుతోందని అమ్మ చెప్పేది. "ఏటే ఆ తిప్పుడు? ఎవరికైనా చూపించుకో," అనేది.

ఒకసారి కట్టుడుపళ్ళ కోసం అందరూ నానీ అని పిలిచే ముసలావిడ వచ్చింది. ఇక్కడి పాత కుటుంబాల మనిషి, యుద్ధం రోజుల్లో జపాన్ సైన్యం ఈ దీవుల్ని పట్టుకున్నప్పుడు చిన్నపిల్ల. అయిదో పాటయ్యాక జపాన్ భాషలో ఆ నాలుగు మాటలు మొదలుకాగానే బల్లమీద ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ముందు నాకు అర్థంకాలేదు. అర్థమయ్యాక గబగబా ప్లేయర్ ఆపేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నానీ నా మణికట్టు పట్టుకుని, ఏమంటున్నాడని హిందీలో అడిగింది. తెలియదన్నాను. "మాకూ తెలిసేది కాదు బేటీ," అంది, "ఏమంటున్నారో తెలియకపోవడమే అసలు భయం." కాసేపటికి చెయ్యి వదిలి, ఆ వేణువుది ఉంది కదా, అది పెట్టమంది. అప్పటినుంచి ఆవిడ వచ్చే రోజుల్లో మాటలొచ్చేచోట కూడా మీట తిప్పేదాన్ని. నా జీవితంలో నేను తప్పులేకుండా చేసిన ఉద్యోగం అదొక్కటే.

పరీక్ష మాత్రం అంత బాగా రాయలేదు. హాల్లో ఫ్యాను తిరుగుతుంటే నా బుర్రలో అలలు మొదలయ్యాయి. నాలుగో ప్రశ్న దగ్గర వేణువు వచ్చింది. మొదటి పాట పదకొండు నిమిషాలూ అయిపోగానే ఎడమచెయ్యి తనంతట తాను గాలిలోకి లేచి మీట తిప్పింది. ఇన్విజిలేటరు చూసి, "క్యా హువా? పేపర్ కావాలా?" అన్నాడు. అక్కర్లేకపోయినా తీసుకున్నాను. బయటికొచ్చాక నాన్న, "ఎలాగ రాసావే?" అని అడిగితే బాగా రాశానన్నాను. ఆయన మొహం చూసి ఇంకోలా చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే ఆయన పెరట్లో కొత్త గులాబి అంటు నాటాడు, ఆ ఇంట్లో ఇంకా పదేళ్ళు ఉండబోతున్నట్టు.

ఫలితాలొచ్చే రోజుకి నాన్న దవడ బూరెలా వాచి ఉంది. తుఫానులో బోటుని ఒడ్డుకి చేర్చిన మనిషి, పన్ను పీకించుకోవడమంటే వణికిపోయేవాడు. మూడువారాలనుంచి లవంగం నమిలి నెట్టుకొస్తున్నాడు. చివరికి, "రిజల్టొచ్చీ రోజే పీకించీసుకుంటానే. శుభవార్త వింటే నొప్పి తెలీదు," అన్నాడు. దీదీ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది. వెబ్‌సైటు ఎలాగూ తెరుచుకోదని నా నేస్తం పొద్దున్నే ఆఫీసు నోటీసుబోర్డు దగ్గరికి వెళ్ళింది. ఏడో పాట చివరికొస్తుండగా ఫోను మోగింది.

"నీ నంబర్ లేదే," అంది.

"సరిగ్గా చూసావా?"

"మూడుసార్లు చూసీసాను. పక్కనున్న భయ్యాచేత కూడా చూపించాను. లేదే."

రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. మీట సంగతి గుర్తులేదు. చప్పట్లు మొదలయ్యాయి. హాలంతా లేచి నిలబడి కొట్టినట్టు కొట్టారు. ఈలలు వేశారు. ఎవరో ఏదో అరిచారు. "అక్కడేటి, ఫంక్షనా?" అంది నా నేస్తం. మూడుసార్లు తప్పినవాళ్ళలో అంత సన్మానం ఆ ఊళ్ళో ఎవరికీ జరిగి ఉండదు. నవ్వొచ్చి ఉండాల్సింది. నాకు మాత్రం డెలానీపూర్ ఇంటి వంటగది, కిటికీ పక్కన అమ్మ తగిలించుకున్న జల్లెడ కనబడి, బల్లమీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

తలుపు తీసుకుని దీదీ కోపంగా వచ్చింది, చేతిలో పటకారు, పటకారులో నాన్న పన్ను. "వాల్యూమ్ ఎందుకు..." అని, నా మొహం చూసి ఆగిపోయింది. దీదీయే ప్లేయర్ ఆపింది. ఆ వెనకే నాన్న బుగ్గలో దూది కుక్కుకుని వచ్చాడు. అరగంటదాకా నోరు తెరవొద్దని ఆర్డరు. "రాలేదు నాన్నా," అన్నాను. ఆయన నావంక చూశాడు. జేబులోంచి రుమాలు తీసి నాకిచ్చాడు. అప్పటికే దానికి ఆయన నెత్తురు అంటుకుని ఉంది. అది చూసి నేను మరింత ఏడ్చాను.

ఇద్దరం డెలానీపూర్‌కి నడిచి వెళ్ళాం. దారిలో నాన్న రెండుమూడుసార్లు ఆగి, నా భుజం తట్టి, "ఊఁ... ఊఊ..." అని ఏదో చెప్పబోయాడు. నేనే ఆపేశాను. "మాట్లాడకు నాన్నా, నెత్తురొస్తాది. నాకు తెలుసు నువ్వేమంటావో," అన్నాను. ఎలాగైనా బతుకుతామంటాడని, ఇల్లు పోతే పోయింది నువ్వున్నావు చాలంటాడని, దారిపొడుగునా ఆయన తరఫున నాకు నేనే చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఇంటికెళ్ళాక అమ్మ గుమ్మంలోనే మా మొహాలు చూసి కూలబడింది. నాన్న దూది తీసి పారేసి, మొట్టమొదటి మాటగా, "నా చెప్పులే. అక్కడే మర్చిపోనాను. చెప్తంటే వినవేటి?" అన్నాడు. చూస్తే, ఎండకు కాలిన తారురోడ్డుమీద అంతదూరం ఉత్తకాళ్ళతో నడిచొచ్చాడు. అమ్మ ఏడుస్తూనే ఆయన కాళ్ళమీద నీళ్ళు పోసింది. కాళ్ళు చల్లబడ్డాక ఆయన గోడవైపు తిరిగి, ఎవరితోనూ కాకుండా, "పిల్ల కష్టపడింది," అన్నాడు. ఇక ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

క్వార్టరు ఖాళీ చేశాం. డాలీగంజ్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. నాలుగోసారీ అయిదోసారీ కూడా రాశాను, వివరాలు అనవసరం. పరీక్షకి వయసు దాటిపోయిన రోజున ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. పేషెంటుకి ఎక్స్‌రే తీస్తున్నాను. దీదీ నాకు ఆ పని కూడా నేర్పింది. ఇప్పుడు క్లినిక్ పెద్దదైంది, గోడలు ఇటుకవి. ఇంటర్నెట్టులో ఏ పాటైనా క్షణంలో వస్తుంది. ఆ సీడీ ఎన్నడో గీతలు పడి పాడడం మానేసింది. వెతుకుదామంటే ఆయన పేరు తెలియదు. అదీ ఒకందుకు మంచిదే.

నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొచ్చేది ఇల్లు మారిన రోజు. సామాను వేసిన టెంపో వెనకాల, బియ్యం డబ్బాకీ మడతమంచానికీ మధ్య ఇరుక్కుని, ఇక లోకంలో జరగాల్సిందేమీ మిగల్లేదన్నట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాను. దారిలో తెలిసినవాళ్ళు చెయ్యి ఊపితే చూడనట్టు తల తిప్పుకున్నాను. టెంపోలో కూర్చున్న ఆ అమ్మాయికి ఇప్పుడు నేను చెప్పగలిగిన ధైర్యమేమీ లేదు. చెప్పినా వినే రకం కాదు. కాకపోతే ఆ టెంపో మళ్ళీ ఎదురైతే, కాస్త జరగమని చెప్పి, ఆ బియ్యం డబ్బా మీద నేను కూడా కూర్చుని డాలీగంజ్‌దాకా వెళ్ళొస్తాను.