కప్ప అరవకముందే

పొద్దున పాల్వంచ క్వార్టర్ బాల్కనీలో బట్టలారేసే తీగ మీద పిగిలిపిట్ట వాలి గొంతెత్తింది. మా వీధిలో అందరికీ దాని పాట ముద్దు, నాకు మాత్రం చేతిలోని టీ చేదెక్కింది. ఎందుకో నా ఈడువాళ్ళకు చెప్పుకుంటే తప్పులేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, ఇక్కడి కరెంటు ప్లాంటులో షిఫ్టుల మీద కొత్తగా చేరాను. నాన్న పోయాక పర్ణశాల అవతల, అడవి అంచున ఉన్న మా రెండు మెట్ట చెలకలూ అమ్మ చేతిమీదే నడిచేవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్లజొన్న విత్తనాన్ని అమ్మ ఏటేటా బూడిద కలిపి, ఆనపకాయ బుర్రలో పోసి, పొయ్యి మీది దూలానికి వేలాడదీసేది. వాగులో గోదురుకప్పలు అరిచేదాకా ఆ బుర్ర దించేది కాదు, దించినా సగమే విత్తనానికి ఇచ్చేది, మళ్ళీ విత్తాల్సి వస్తే ఉండాలని మిగతా సగం దాచేది.

చేరిన ఏడాది జూన్‌లో నాకు దొరికింది నాలుగు రోజుల సెలవు. ఒక జల్లు పడి నేల తడిసింది, కంచెలో పిగిలిపిట్టలు తెగ పాడుతున్నాయి, వాన వచ్చేసినట్టే, ఇంకేం కావాలని నాగలి కట్టాను.

"కప్ప ఇంకా అర్వలే బిడ్డా," అన్నది అమ్మ. "పిట్టకేంది, కంపల గూడు పెట్టుకుంటది, దానికి వానతోని ఏం పని? కప్ప నీళ్లల్ల గుడ్లు పెట్టాలె. అది తప్పు చెప్తే దాని పిల్లలే సస్తయ్."

ఇంటర్ చదివినవాణ్ణి, కప్పల మాట వింటానా? నవ్వేసి, బుర్ర నేనే దించి, అమ్మ దాచే సగం కూడా గుంజుకుని, రెండు చెలకల్లోనూ చల్లి, నాలుగో రోజు బస్సెక్కాను. మొలకలు వేలెడు లేచి మూడు వారాల ఎండకు మాడిపోయాయి. ఆ తర్వాత వాన దంచికొట్టింది, కప్పలు అరిచాయి, వేయడానికి గింజ లేదు. అమ్మ పుట్టింటికి పోయి విత్తనం అడిగింది. అక్కడ అప్పటికే అందరూ పత్తికి మళ్ళారు. వట్టి చేతులతో తిరిగొచ్చింది.

పిట్ట తప్పేమీ లేదు. వాన వస్తుందని అది ఎన్నడూ అనలేదు, అన్నది నేను. అయినా దాని పాట వింటే నా మీద నాకే ఒళ్ళుమంట.

ఇప్పుడు మా చెలకల్లోనూ కొట్లో కొన్న విత్తనాల పత్తే. వాగులో కప్పలూ పలచబడ్డాయి. మొన్న తొలకరికి ఊరికి పోతే, ఎన్నాళ్ళకో ఒక గోదురుకప్ప అరిచింది. చూపు ఆనని అమ్మ మంచం దిగి, తడుముకుంటూ పొయ్యి దగ్గరికి పోయి, దూలం వైపు చెయ్యి చాపింది. నేను ఖాళీ చేసిన ఏటి నుంచీ అక్కడ విత్తనాల బుర్ర లేదు.