మంచం లేపే హ్యాండిల్

వెంటిలేటర్ మీదున్న మా మామ మంచం తలవైపు ఎత్తుగా ఉండాలని, లేకపోతే కడుపులోని క్రిములు గొంతులోకి ఎక్కి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయని ఈ బీదర్ ఆసుపత్రిలో డాక్టరు మొదటిరోజే చెప్పారు. మూడు రోజులుగా మంచం చదునుగానే ఉంది. ఈ పొద్దున మళ్ళీ అటెండరును అడిగాను.

"అన్నా, జర తలదిక్కు లేపుండ్రి."

"హ్యాండిల్ ఒక్కటే ఉందక్కా. పక్క వార్డుకు పోయింది. వచ్చినంక జూద్దాం."

మధ్యాహ్నం అధికారులు తనిఖీకి వచ్చారు. రెండు నిమిషాల్లో హ్యాండిల్ వచ్చింది, మంచం లేచింది. వాళ్ళు వెళ్ళాక దుప్పటి మార్చడానికి అటెండర్లు మంచం దించి, మళ్ళీ లేపకుండానే హ్యాండిల్ పట్టుకుపోయారు. 

సాయంత్రం డాక్టరు, మామకు న్యుమోనియా వచ్చిందన్నారు.

రోజూ తనిఖీ జరిగే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటే చెప్పండి. మామను అక్కడికి తీసుకుపోతాం.