రంగు మారని పేస్టు

మా ఆయన పోయి పదినెలలైంది. పలకరించడానికి వచ్చిన పక్క వీధి ఆవిడ వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, మంచి మనిషే పాపం, ఆ నీళ్లు కలిపిన గొడవ ఒక్కటి లేకపోతే, అంది. మా ఆయన నీళ్లు కలపలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన ఇరవై ఎనిమిదేళ్లు పెట్రోలు బంకులో చేశారు. గొట్టం పట్టుకునే పనితో చేరి సూపర్‌వైజరయ్యారు. పొద్దున్నే వెళ్లగానే నేలకింది ట్యాంకు మూత తీసి, పొడుగాటి రాడ్డు దించి, సరుకెంత ఉందో చూసేవారు. దించేముందు రాడ్డు కొసకి ఒక పేస్టు రాస్తారు. ట్యాంకు అడుగున నీళ్లుంటే అది ఎర్రబడుతుంది. మిగతా బంకుల్లో వారానికోసారి రాస్తే గొప్ప. ఈయన రోజూ రాసేవారు, వానొస్తే రెండుసార్లు. బొటనవేలి గోటి సందున ఎప్పుడూ ఆ పేస్టే. భోజనానికి కూర్చునేముందు మూడుసార్లు సబ్బు పెట్టించేదాన్ని. టాక్సీ డ్రైవర్లు ఆయనకి పేస్టు బాబాయ్ అని పేరు పెట్టారు. ఆయనకి ఆ పేరంటే లోపల్లోపల గర్వం.

ఊరి బయట మొక్కజొన్నతో ఇథనాల్ చేసే ఫ్యాక్టరీ ఉంది. మా అన్నయ్యది అక్కడ పరీక్షల గదిలో పని. ఫ్యాక్టరీని రెండింతలు చేశాక, తయారైన సరుకంతా ఎక్కడెక్కడికో పంపడమెందుకు, ఇక్కడి జనానికే అమ్ముదామని పెట్రోలు కంపెనీవాళ్లు మా ఆయన బంకులో ఒక ట్యాంకు, ఒక పంపు దానికి కేటాయించారు. కంపెనీవాళ్లు ఒక పూట శిక్షణ ఇచ్చారు. రైతుకెంత మేలు, గాలికెంత మేలు అని బొమ్మలు చూపించి, టోపీలు పంచి వెళ్లిపోయారు.

రెండు ఇంధనాలతోనూ నడిచే టాక్సీలు అప్పటికే స్టాండులో చాలా ఉన్నాయి. కానీ ఒక్కడూ బండి ఆ పంపు వైపు తిప్పడు. పెట్రోలు దగ్గర బారులు, దీని దగ్గర ఈగలు. మా ఆయనకి పౌరుషం వచ్చింది. స్టాండుకి వెళ్లి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. పొడుగు డ్రైవరని ఒకతను ఉన్నాడు, అతను ఊ అంటే మిగతావాళ్లంతా ఊ. దారిలో బండి ఆగితే నువ్వొచ్చి తోస్తావా బాబాయ్ అని నవ్వాడట.

"నా ట్యాంకులో నీటిచుక్క ఉండదు. ఉంటే మళ్లీ నా మొహం చూడకండి" అని మాటిచ్చి వచ్చారు.

ఆ మాట మీద పదకొండు టాక్సీలు మారాయి.

మూడు నెలలు బాగానే నడిచింది. వానలు పట్టాక బళ్లు దగ్గడం మొదలుపెట్టాయి. ఒకటి రైలుకి వెళ్లేవాళ్లను ఎక్కించుకుని నడిరోడ్డు మీద నిలబడిపోయింది. పొడుగు డ్రైవరు నలుగుర్ని వెంటేసుకొచ్చాడు. ఈయన వాళ్లందరి ఎదుటా పేస్టు రాసి రాడ్డు ముంచారు. రంగు మారలేదు. చూశారా అని రాడ్డు ఎత్తి పట్టుకున్నారట. వాళ్లు బళ్లెక్కి వెళ్లిపోయారు. మర్నాడు ఇంకో రెండు బళ్లు ఆగాయి. మళ్లీ ముంచారు, మళ్లీ మారలేదు. మీ ఫిల్టర్లు చెత్త, మీ నడపడం చెత్త అని నాలుగు రోజులు వాళ్లతోనే పోట్లాడారు. అన్నయ్యనొకసారి అడగరాదా అన్నాను. నేను పుట్టించిన విద్య నాకే నేర్పుతాడా మీ అన్నయ్య అని కంచం ముందునుంచి లేచిపోయారు. ఆయన మొండితనంతో నేను వేగలేకపోయేదాన్ని.

ఆదివారం నేనే అన్నయ్యని పిలిపించాను. వాడు అంతా విని తల పట్టుకున్నాడు.

"బావా, పెట్రోల్లో పడ్డ నీళ్లు అడుక్కి దిగుతాయి, నీ పేస్టుకి తగుల్తాయి. ఇందులో పడితే పాలల్లో పడ్డట్టే, కలిసిపోతాయి. బిందెలతో పోసినా నీ పేస్టు తెల్లమొహం వేసుకునే ఉంటుంది."

మరెలా తెలుస్తుందని అడిగారు ఈయన. జాడీలో సరుకు పోసి, గాజుగొట్టం తేల్చి, అది ఎంత లోతు మునిగిందో పట్టికలో సరిచూసుకోవాలట. జాడీ, గొట్టం బంకులో ఉన్నాయి. ఇథనాల్ పట్టిక లేదు. పెట్రోలుకి ఉన్నట్టే దీనికీ ఉండాలి కదా అని మా ఆయన మొదట్లోనే కంపెనీ ఆఫీసుని మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ వస్తోంది అన్నారు. టోపీలు మాత్రం వచ్చాయి.

ఇద్దరూ అప్పుడే బంకుకి వెళ్లారు. అన్నయ్య తన ఫ్యాక్టరీ పట్టిక పట్టుకెళ్లి చూస్తే నీళ్లున్నాయి. ట్యాంకు మూత కింద రబ్బరు ఒకచోట మడతపడింది. పైన గుంటలో నిలిచిన వాననీరు ఆ సందులోంచి దిగుతోంది.

కంపెనీ మనిషి వచ్చి పంపు మూయించాడు. మేము నోటీసు అంటిస్తాం, మీరేమీ మాట్లాడకండి అన్నాడు. ఈయన వింటేనా. మాటిచ్చింది నేను, నోటీసు కాదు అని తిన్నగా స్టాండుకి వెళ్లారు. అన్నయ్య వెంట ఉన్నాడు.

"ట్యాంకులో నీళ్లున్నాయి. లేవని మీతో వాదించాను. తప్పు నాదే."

"ఎన్నాళ్లనుంచి కలుపుతున్నావు బాబాయ్?" అన్నాడు పొడుగు డ్రైవరు.

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఈయన మూత గురించి, రబ్బరు గురించి, పేస్టు గురించి ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: స్వయంగా ఒప్పుకున్నాడట.

కంపెనీ ట్యాంకు కడిగించింది, మూత మార్చింది, పట్టిక పంపింది, కొత్త సూపర్‌వైజర్ని పెట్టింది. ఈయన్ని టైర్లకి గాలి కొట్టే చోటికి పంపారు. ఏడాది తిరక్కుండా ఆ పంపు దగ్గర కూడా బారులే. ఈయన మాత్రం పాల దుకాణంలో, మంగలి దగ్గర, మందుల షాపులో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేను కలపలేదండీ అని మొదలుపెట్టేవారు. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు విసుగొచ్చి అనేశాను.

"మానిన పుండు మీరే గోక్కుంటున్నారు. ఎవరేమన్నా ఇక ఊరుకోండి."

తర్వాతి నెలలో ఇద్దరం మార్కెట్టు నుంచి వస్తున్నాం. పొడుగు డ్రైవరు మా పక్కనే టాక్సీ ఆపి, అద్దం దించి, ఇవాళ ఎంత కలిపావు బాబాయ్ అన్నాడు. కోపంతో కాదు, మామూలుగా, బాగున్నావా అన్నట్టు. ఆయన నా వైపు చూశారు. నేను ఊరుకోమన్నాను కదా, ఊరుకున్నారు. కూరల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, పద అన్నారు.