నీలగిరి తోట బరువు

పురానాపూల్ దగ్గర బర్రెలు కట్టుకుని పాలమ్ముకునే రామ్‌చందర్ కూతురు ఆండాలు చెట్ల బరువు తేల్చే పనిలో చేరిందంటే బస్తీ అంతా బుగ్గలు నొక్కుకుంది. బీయస్సీ చదివిన పిల్ల బ్యాంకులోనో బడిలోనో కూర్చోవాలి గానీ, టేపు పట్టుకుని చెట్ల చుట్టూ తిరగడమేమిటట! బస్తీకి వేరే పనేముంది, అనుకోనివ్వండి.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. కంచన్‌బాగ్ దాటాక ఒక కంపెనీ వేసిన నీలగిరి తోట నరుకుడుకు వచ్చింది. కొనే కాగితం మిల్లువాళ్లు కట్టెలో తడి పోగా మిగిలిన బరువుకే లెక్క కడతారు. ఆ బరువు ఎంత ఉంటుందో నరకక ముందే చెప్పాలి. ఆ కంపెనీలో తాత్కాలిక ఉద్యోగి ఆండాలుకు ఆ పని అప్పగిస్తూ ఆఫీసరు వైకుంఠం ఉన్నమాట చెప్పేశాడు.

"నీ లెక్క మిల్లు తూకానికి దగ్గరకొస్తే నౌకరీ పక్కా, ఆండాలమ్మా. లేకుంటె గీ సీజన్‌తోనే ఖతం. నా చేతుల ఏం లేదు."

ఆమెకు ఆ నౌకరీ కావాలి. మొహమాటం లేకుండా, గట్టిగా కావాలి.

తోటలో అక్కడక్కడా చెట్లు ఎంచుకుని ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసుకుంది. సన్నవి, నడిరకం, లావువి కొన్ని నరికించి తూయించింది. ఎంత లావుకు ఎంత బరువో తేలితే మిగతా తోటను నరక్కుండానే తూచినట్టే. కానీ ఒకే లావు చెట్లు ఒక్కోరోజు ఒక్కో బరువు చూపించాయి. కూలీల పెద్ద ఆగయ్య త్రాసు మార్చాడు, కొక్కెం మార్చాడు. ఏం లాభం? ఆండాలుకు అన్నం సయించలేదు.

ఆ ఆదివారం తల్లి సుందరమ్మ వాకిట్లో గడ్డి మోపు బేరమాడుతోంది. మోపు ఎత్తి విదిలించి, పిడికెడు గడ్డి అరచేతిలో నలిపి, "నీళ్లు చల్లి తెచ్చినవ్. గడ్డికి ఇస్త పైసలు, నీళ్లకియ్య" అంది. ఆండాలు గభాలున లేచింది. తాను ఇన్నాళ్లూ తూచింది చెట్టునా, చెట్టులోని నీళ్లనా? వాన వెలిశాక నరికిందీ, పొద్దంతా ఎండలో పడున్నదీ ఒక్కటెలా అవుతాయి!

మర్నాటి నుంచి నరికిన ప్రతి చెట్టు మాను నుంచీ కొమ్మ నుంచీ ముక్కలు తీసి, అక్కడికక్కడే తూచి, మూటకట్టి ఇంటికి తెచ్చింది. ఆకులు కూడా తెచ్చింది, వాటిని నూనె తీసేవాళ్లు కొంటారు కాబట్టి. ఇంట్లో పిడకల పొయ్యి మీద పాలు సన్నసెగన రోజంతా కాగుతుంటాయి. ఎండబెట్టడానికి అంతకన్నా మంచి చోటేముంది? ఎవర్నీ అడక్కుండా పాలకుండ చుట్టూ అన్నీ పేర్చేసింది.

పత్తర్‌గట్టి మిఠాయి దుకాణంవాడు పాల క్యాన్ తిప్పి పంపాడు. "హమ్ రబ్డీ బనాతే భాయ్, జుకామ్ కీ దవా నై!" అన్నాడట. నిజమే, పాలు గుప్పున జలుబు మందు వాసన కొడుతున్నాయి. రామ్‌చందర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఏందే గీ లొల్లి? పాలు ఖరాబ్ జేసి చెట్లు ఎండవెడ్తవా?"

"తప్పయింది బాపు" అని ఏడ్చేసింది ఆండాలు. "గని గీ లెక్క తేలకుంటె నా నౌకరీ పోతది."

రామ్‌చందర్ మీసం దువ్వుకుని, ఇటుకలు మోసుకొచ్చి, కొట్టం వెనక వేరే పొయ్యి పెట్టాడు. ఆ రోజు నుంచి ముక్కలు తిరగేసే పని కూడా ఆయనదే. బర్రెల కన్నా ఈ పిల్లకే చాకిరీ ఎక్కువైందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసేవాడు.

బరువు తగ్గడం ఆగేదాకా ఎండాక, ముక్కల్లో పోయిన నీటి లెక్కన మొత్తం చెట్టు బరువులోంచి తీసేసి చూస్తే, ఒకే లావు చెట్లు దాదాపు ఒకే బరువుకు వచ్చి నిలబడ్డాయి. ఆండాలు తోటంతటికీ లెక్కగట్టి ఆఫీసులో ఇచ్చేసింది. తోట నరికారు, లారీలు వెళ్లిపోయాయి. ఇక ఎదురుచూపే మిగిలింది. స్కూటర్ చప్పుడైతే చాలు, ఆఫీసరుదేమోనని వాకిట్లోకి పరిగెత్తేది.

ఒక సాయంత్రం ఆ స్కూటర్ వాళ్ల వాకిట్లోనే ఆగింది. వైకుంఠం దిగుతూనే అరిచాడు.

"మిల్లు లెక్కకు, నీ లెక్కకు నడుమ ఒక్క లారీ కట్టె గూడ ఫరక్ లేదు, ఆండాలమ్మా! నీ నౌకరీ ఆర్డర్ మీద సంతకమైంది!"

సుందరమ్మ కూతుర్ని వాటేసుకుంది. బుగ్గలు నొక్కుకున్న బస్తీయే ఇప్పుడు వాకిట్లో నిండిపోయి, మా పిల్ల అంటే మా పిల్ల అంది. పాలు పిండుతున్న రామ్‌చందర్ మాత్రం లేవలేదు. కళ్లు నిండిపోయాయి, లేస్తే నలుగురికీ కనబడుతుంది.

"అంటే, రేపు గూడ పోతవా బిడ్డా పనికి?" అన్నాడు బర్రె చాటు నుంచే.

"రేపొక్కనాడే గాదు బాపు" అంది ఆండాలు. "రిటైరయ్యేదాంక పోత."