అమ్మ బైబిల్లో విప్పని మూడు కవర్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నేను చెప్పబోయే సాక్ష్యంలో సముద్రం రెండుగా చీలుతుంది, కోటగోడలు కూలిపోతాయి, సింహాలు నోళ్లు మూసుకుంటాయి అని మొదలుపెట్టాలని నాకు మస్తు ఆశ ఉండె. కాని మాకు జరిగింది నాచారంలో, ఆ తర్వాత కొంచెం ఉప్పల్‌లో. గోడలు కూడా కూలలేదు. కూలొద్దనే మా ప్రార్థన, ఎందుకంటే అవి మా ఇంటి గోడలు.

మా డాడీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మెషిన్ మీద పని చేసేవారు. ఏండ్ల తరబడి నిలబడి నిలబడి వెన్నుపూస జారింది, ఆపరేషన్ అయింది, డాక్టరు ఆరు నెలలు పడుకోమన్నారు, కంపెనీ వాళ్లు ఇంకొంచెం ఎక్కువ దయ చూపించి ఇక రానే వద్దన్నారు. జీతం ఆగింది. ఇంటి లోను కిస్తు మాత్రం ఆగలేదు, దానికి వెన్నునొప్పి ఉండదు కదా. రెండు గదులు, ఒక హాలు, వాన పడితే హాల్లో ఒక మూలకు బకెట్టు, ఇంతే మా ఇల్లు. కాని మేకు కొడితే ఖాళీ చేయిస్తామనే కిరాయి ఇండ్లలో సగం జీవితం గడిపిన మా అమ్మ, తన చేత్తో తాను మేకు కొట్టుకున్న మొదటి గోడ అక్కడే ఉంది.

అప్పుడు బ్యాంకు నుంచి రిజిస్టర్ పోస్టు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ దగ్గర సంతకం పెట్టింది నేనే. శత్రువు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని ఒక రాజు మందిరానికి తీసుకుపోయి దేవుని ముందు పరిచాడని మనమంతా సండే స్కూల్లోనే విన్నాం, అమ్మ కూడా అదే పద్ధతిలో కవరు తీసుకుపోయి బైబిల్లో పెట్టింది, మీద చెయ్యి ఉంచింది, ఉపవాసం పట్టింది, కాని విప్పలేదు. నెల తిరిగేసరికి రెండోది వచ్చింది, ఆ తర్వాత మూడోది. బైబిల్ సరిగ్గా మూతపడటం మానేసింది.

అమ్మ చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది. “ప్రభువా, ఈ కాగితాలల్ల ఏమున్నదో నీకు ఎరుకే. నాకు ఎరుకైతే నేను భయపడ్త. నీకు భయం లేదు గద తండ్రీ, నువ్వే సదువుకో.”

నవ్వొచ్చింది నాకు. కాని నవ్వే హక్కు నాకు లేదు. నేను పని చేసేది కొరియర్ ఆఫీసులో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరందరికీ కవర్లు పంచి, ఇంటికొచ్చి మా కవరు దిక్కు చూడకుండా అన్నం తిని పడుకునేవాణ్ణి. డాడీ అయితే ఫోనే స్విచ్చాఫ్ చేసి గోడ వైపు తిరిగి పడుకునేవారు. అమ్మ విప్పకపోవడం విశ్వాసం, మేమిద్దరం విప్పకపోవడం పిరికితనం, కవర్లకు మాత్రం ఆ తేడా తెలియదు.

ఒక శుక్రవారం మా ఇంట్లో స్త్రీల కూడిక పెట్టుకున్నాం. మా సంఘకాపరి గారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. అమ్మ ఆ మూడు కవర్లు బల్ల మీద పెట్టి, చేతులుంచి ప్రార్థించమని అడిగింది. అమ్మగారు చెయ్యి ఉంచారు, కండ్లు మూశారు, మళ్లీ తెరిచారు.

“సునందా, ఇవి అంటించినయ్ అంటించినట్టే ఉన్నయేంది?”

“విప్పితే అపనమ్మకం గాదా అమ్మగారూ? రాజు గూడ దేవుని ముందట పరిచిండు గద.”

“పరిచిండు. పరిచే ముందు సదివిండు. ఆ ముక్క మీ ఇంట్ల ఎవరు మింగిన్రు?”

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నేను గడప దగ్గర నిలబడి వింటున్నాను. అమ్మగారే మళ్లీ అన్నారు, “అపొస్తలులు సంఘాలకు ఉత్తరాలు రాస్తే, వాళ్లు విప్పకుంట నూనె రాసి దాసిపెడితే, ఆదివారం మనం ఏం సదువుకుందుము? బాబూ, నువ్వు రా, సదువు.”

నేనే మూడూ చింపి చదివాను సహోదరులారా. మొదటి ఉత్తరంలో, కిస్తులు ఆగాయి, ఇబ్బంది ఏమైనా ఉంటే వచ్చి మాట్లాడండి అని ఉంది. రెండో దాంట్లో అదే మాట కొంచెం గట్టిగా ఉంది. మూడోది అసలైన నోటీసు, అరవై రోజుల్లో మొత్తం కట్టాలి, లేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేస్తాం, అభ్యంతరం ఉంటే ఈలోపు రాసి ఇవ్వండి అని. అది వచ్చి నలభై ఎనిమిది రోజులయింది. అంటే అమ్మ ఏ దారి కోసం ఉపవాసముందో, ఆ దారి మొదటి కవరులోనే ఉండి, మూడు నెలల పైన ఆమె చెయ్యి కిందే ఊపిరాడక పడుకుంది. అమ్మ ఏడ్చింది. అమ్మగారు ఆమె తల తన భుజం మీద పెట్టుకుని, “ఇంక పన్నెండు రోజులున్నయ్ బిడ్డా, లే” అన్నారు.

సోమవారం ముగ్గురం ఉప్పల్ పోయాం. నడుముకు బెల్టు కట్టుకుని డాడీ బ్యాంకు మెట్లు ఒక్కొక్కటి ఎక్కుతుంటే, వెనుక నేను పట్టుకుందామని చేతులు చాపి ఎక్కాను, ఆయన చూడకుండా. లోపల ఉన్న ఆఫీసరమ్మ ఫైలు తీసి, “ఇన్ని ఉత్తరాలు రాసినం, ఒక్కదానికి జవాబు ఇయ్యలే, ఏం చేసిన్రు వాటిని?” అని అడిగారు.

“ప్రార్థనల పెట్టినం మేడం” అంది అమ్మ.

ఆఫీసరమ్మ ఒక తెల్లకాగితం అమ్మ వైపు జరిపి, “మంచిదే. ఇప్పుడు అప్లికేషన్ గూడ పెట్టండి” అన్నారు.

ఆపైన ఆమె ఓపిగ్గా చెప్పుకుంటూ పోయారు, లోను గడువు పెంచి కిస్తు తగ్గించమని అడగొచ్చు, పాత బకాయి కొంచెం కొంచెంగా కడతామని రాయొచ్చు, ఒకేసారి కొంత కట్టి తేల్చుకోవడానికి బ్యాంకు ఒప్పుకుంటుందేమో అడగొచ్చు, ఇవేవీ కుదరకపోతే వేలం దాకా రానియ్యకుండా మీరే మంచి ధరకు అమ్ముకుని అప్పు తీర్చి మిగిలింది తెచ్చుకోవచ్చు, బ్యాంకుదే తప్పనిపిస్తే అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఇన్ని దారులున్నాయని మాకెవరికి తెలుసు! అంతా విన్నాక, నెలల తరబడి గోడతో తప్ప ఎవరితో మాట్లాడని మా డాడీ ఒక్క మాట అడిగారు. “ఇల్లు ఉంటదా మేడం?”

“కాగితాలు ఇయ్యండి, చూద్దాం” అన్నారామె. అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఆమె కోసం కూడా మేము ఇప్పటికీ ప్రార్థిస్తాం.

గడువులోపే రాసి ఇచ్చాం. నా జీతం కాగితాలు పెట్టి, లోనులో నా పేరు కూడా చేర్చమన్నాం. అమ్మ మళ్లీ ఉపవాసం పట్టింది, ఈసారి అర్జీ జిరాక్సు మొత్తం చదివి, అర్థం కానివి నన్ను అడిగి, అప్పుడు బైబిల్లో పెట్టింది. బ్యాంకు నుంచి జవాబు వచ్చిన రోజు, పోస్ట్‌మ్యాన్ బండి స్టార్ట్ చేయకముందే అమ్మ కవరు చింపేసింది. గడువు పెంచారు, కిస్తు తగ్గించారు, నోటీసు మీద ముందుకు పోవడం ఆపారు. ఇల్లు ఉంది! దేవునికే మహిమ.

అప్పు మాత్రం తీరలేదు, అది చెప్పకపోతే పాపం. నాతోపాటే అది కూడా పెద్దదై, ముసలిదయ్యేలా ఉంది. డాడీకి ఒక చిన్న వర్క్‌షాపులో కూర్చుని పార్టులు కొలిచే పని దొరికింది, సాయంత్రం వచ్చి అమ్మతో మాట్లాడుతున్నారు, మాకు అదే పెద్ద అద్భుతం.

కాబట్టి ప్రియులారా, మీ ఇంట్లో కూడా ఎక్కడైనా విప్పని కవరు ఉంటే సిగ్గుపడకండి, దేవుని నమ్మండి, ప్రార్థన చేసి విప్పండి. ఒక్కరే విప్పడానికి భయమైతే మమ్మల్ని పిలవండి, అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది, నేను చదువుతాను, తర్వాత అందరం కలిసి బ్యాంకుకు పోదాం. రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజుల్లో బ్యాంకు ఉండదు.