రెండుసార్లు మందు పడ్డ తూటా

ఆర్డిస్ ట్వైట్ పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఫోన్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేది. ఈ పూట నాతో మాట్లాడేవాళ్లను చల్లగా చూడు తండ్రీ అని ఒక్క మాట అనుకుని, ఆ తర్వాతే కాఫీ ముట్టేది.

సౌత్ డకోటాలో ఆమె ఊరి చివర ఒక చిన్న కార్ఖానా ఉంది. పేల్చేసిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే మరలు చేస్తారక్కడ. భర్త పోయాక ఆమె అందులో చేరింది. ఎవరి మర మొరాయించినా ఫోన్ ఆమెకే వస్తుంది. స్ప్రింగు విరిగినా, పిన్ను పోయినా కొత్తది ఊరికే పంపడం ఆ కార్ఖానా ఆచారం. తాత కొన్న మరకు మనవడు అడిగినా సరే, పంపుతారు. అందుకేనేమో జనం ఆమెను చుట్టంలా చూసుకున్నారు. ఒకాయన ఎండబెట్టిన జింక మాంసం పంపితే, ఇంకొకావిడ ఉన్ని మేజోళ్లు అల్లి పంపింది.

కావలసిన ముక్క ఏదో తెలిశాక కూడా ఆమె ఫోన్ పెట్టేది కాదు. మర ఇరుక్కున్నప్పుడు మీరేం చేశారు అని అడిగేది. ఈ అలవాటు మేనేజరు వెండెల్‌కు గిట్టేది కాదు. తుపాకీ మందు ఊసు మనకొద్దు, సామాను పంపి ఊరుకోండి, రేపేదైనా అయితే కోర్టులో మనం చేతులు కట్టుకుని నిలబడాలి అని వకీలు చెప్పిన మాటే ఆయన కూడా చెప్పేవాడు. ఆమె తలూపేది. మళ్లీ అడిగేది.

గోధుమ కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం కాన్సాస్ నుంచి డెల్మర్ ప్రూయిట్ అనే పెద్దాయన ఫోన్ చేశాడు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయి మంచంలో ఉన్నాడు. మర పిడి పట్టేస్తోంది, స్ప్రింగు పంపమన్నాడు. మంచంలో ఉన్నవాడికి మర గోల ఏమిటని తానే నవ్వుకుని, మంచం పక్కనే బల్ల వేయించుకున్నానని చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఎప్పటి ప్రశ్న అడిగింది.

ఏముందమ్మా, పిడి సగంలో ఆగింది, పైకెత్తి మళ్లీ గట్టిగా లాగాను, దిగింది, అన్నాడాయన.

ఆర్డిస్ నవ్వు ఆగిపోయింది. ఆ మరలో ఖాళీ తూటా తొడుగులను గుండ్రటి పళ్లెంలో నిలబెడతారు. పిడి సగం దిగినా ఒక తొడుగులో మందు పడుతుంది. తర్వాత పళ్లాన్ని చేత్తో ఒక గడి తిప్పాలి. తిప్పకుండా మళ్లీ లాగితే ఆ తొడుగులోనే మళ్లీ మందు పడుతుంది. చిన్న తుపాకీ తూటాకు పట్టే మందు చిటికెడు. రెండు చిటికెలు పడినా పొంగదు. పైన గుండు కూర్చున్నాక దానికీ పక్కదానికీ తేడా దేవుడికే తెలియాలి. పేలిస్తే మాత్రం తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది.

"ప్రూయిట్ గారూ, మళ్లీ లాగే ముందు పళ్లెం తిప్పారా?"

అవతల మంచం కిర్రుమంది.

"తిప్పలేదమ్మా."

ఆ తూటాలేవీ అని అడిగింది. ఓపల్ పట్టుకెళ్లిందన్నాడు. ఓపల్ ఆయన భార్య. ఆడవాళ్ల గురి పందెం ఆ పూటే. ఊరి బయట మైదానం, అక్కడ ఫోన్ లేదు. జేబులో పెట్టుకునే ఫోన్లు ఆ పల్లెలకు ఇంకా రాలేదు. తాను లేవలేనని, కారు కూడా ఆవిడే తీసుకెళ్లిందని పదేపదే అంటున్నాడు.

"మైదానానికి దగ్గర్లో ఏముంది? అది చెప్పండి ముందు."

రోడ్డుకు అటువైపు ధాన్యం గిడ్డంగి ఉందన్నాడు. జీవితమంతా అక్కడే గోధుమలు అమ్మినవాడు కనుక నంబరు నోటికొచ్చు. ఆర్డిస్ పక్క బల్ల మీది ఫోన్ లాక్కుని, ఒక చెవికి ఆయన్ను, ఇంకో చెవికి గిడ్డంగిని పెట్టుకుంది.

అప్పటికే వెండెల్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మొహం చూశాడు. లోపలికొచ్చి, మోగుతున్న మూడో ఫోన్ తీసి, చెప్పండి సార్ అంటూ తానే మాట్లాడడం మొదలుపెట్టాడు.

గిడ్డంగిలో తూకం చూసే రాయిస్ విసుగ్గా పలికాడు. "లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయమ్మా, సాయంత్రం చెయ్యి."

"బాబూ, ఎదురుగా ఓపల్ ప్రూయిట్ కాలుస్తోంది. ఆమె పెట్టెలో ఒక తూటా తుపాకీని పేల్చేస్తుంది. పరిగెత్తు."

ఎవరు నువ్వు అని కూడా అడగలేదు రాయిస్. ఫోన్ బల్లకు కొట్టుకున్న చప్పుడైంది. తర్వాత లారీ ఇంజన్ల రొద, ఎవరో డ్రైవరు కేకలు వేస్తూ తిట్టడం. ఆర్డిస్ ఆ రొదలో ఇంకేదైనా వినపడుతుందేమోనని చెవి రిక్కించింది. దూరంగా టప్పుమని ఒకటి. మళ్లీ ఒకటి.

ఈ చెవిలో డెల్మర్ అడిగాడు, "తల్లీ, నీకు ప్రార్థన చేసే అలవాటుందా?"

ఉందంది. ఇద్దరూ పరలోక ప్రార్థన అందుకున్నారు. మా అనుదినాహారము అన్న దగ్గర ఆయన ఆగిపోయాడు. మిగతాది ఆమే పూర్తి చేసింది. ఆమెన్ అనేసరికి ఆ చెవిలో చప్పుళ్లు ఆగిపోయి ఉన్నాయి. ఎందుకు ఆగాయో తెలియదు. ఆ క్షణమే అన్నింటికన్నా బరువు.

అడుగుల చప్పుడు. వగరుస్తూ ఒక ఆడ గొంతు.

"నేను ఓపల్‌ని. ఆ ముసలాయన ఏం చేశాడు?"

ఆర్డిస్ ఒక ఫోన్ తలకిందులు చేసి, వినేవైపు మాట్లాడేవైపుకు ఆనేలా రెండింటినీ కలిపి పట్టుకుంది. మొగుడూ పెళ్లాల గొంతులు ఆమె చేతుల మధ్య సన్నగా వినిపించాయి. "ఓపీ, సగం పెట్టె మిగిలిందా?" "మిగిలింది. ఏడవకు. మందులేసుకున్నావా?"

మర్నాడు ఓపలే ఫోన్ చేసింది. మిగిలిన తూటాలన్నీ విప్పుతున్నాం, ఉండమ్మా, ఒక్కదాన్నే చూడలేను అంది. తూటాను సుత్తి లాంటి గొట్టంలో బిగించి చెక్క దిమ్మ మీద కొడితే లోపలి గుండు ఊడుతుంది, మందు రాలుతుంది. డెల్మర్ కొడుతున్నాడు. ఒక్కోదాన్నీ చిన్న త్రాసులో పోస్తున్నాడు. సరిగ్గా ఉంది అంటున్నాడు. మళ్లీ దెబ్బ. సరిగ్గా ఉంది. అదేదో నిన్న కాల్చేసిన సగంలోనే ఉండి, హాని చెయ్యకుండా పోయిందేమో అని ఆర్డిస్ అనుకుంటుండగా ఒక దెబ్బ తర్వాత సరిగ్గా ఉంది అన్న మాట రాలేదు.

"దొరికింది," అంది ఓపల్. "త్రాసు ముల్లు ఆ కొసకు పోయి కూర్చుంది. నిన్న వాళ్లు కేకేసేటప్పటికి నేను తుపాకీలో కొత్తవి నింపుకుంటున్నాను తల్లీ. చేతిలో దీన్నే పట్టుకున్నానో ఏమో."

త్రాసు పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత ఓపల్, ఈ మందంతా ఏం చెయ్యను, ఇంట్లో పెట్టుకోబుద్ధి కావడం లేదంది.

"మట్టిలో పల్చగా చల్లెయ్యండి," అంది ఆర్డిస్. "ఎరువుగా పనికొస్తుంది. మొక్కలకు మంచిదే."

"అయితే టమాటాలకు వేస్తాను," అని ఓపల్ ఫోన్ పెట్టేయకుండా బల్ల మీదే వదిలి పెరట్లోకి నడిచింది.